సంకేతానికి అర్థం బిడ్డింగ్‌లోనే ఉంది: బ్రిడ్జ్ డిఫెన్స్ గురించి ఒక సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరూ మీ పార్ట్‌నరూ ఏడాదిగా క్లబ్బులో బ్రిడ్జ్ (ఇద్దరిద్దరు జోడీలుగా ఆడే పేకాట) జోడీగా ఆడుతున్నారు. 15 నుంచి 17 పాయింట్ల ఒక నోట్రంప్ (తురుపు లేని ఆట), అయిదు ముక్కల మేజర్ (ఇస్పేటు, ఆటీను) ఓపెనింగ్, స్టేమన్ (నోట్రంప్ చెప్పినవాడిని నాలుగు ముక్కల మేజర్ ఉందా అని అడిగే బిడ్), ట్రాన్స్‌ఫర్లు (తన పొడవు రంగును పార్ట్‌నర్ చేత చెప్పించే బిడ్లు) ఇద్దరికీ బాగా వచ్చు. కాంట్రాక్టు (ఇన్ని ట్రిక్కులు, అంటే పట్లు గెలుస్తామని బిడ్డింగ్ అనే వేలంలో ఇచ్చిన మాట) మీదైనప్పుడు ఫలితాలు బాగానే ఉంటున్నాయి, అవతలివారిదైనప్పుడు మాత్రం ఓడించవలసిన కాంట్రాక్టులను చేతులారా వదిలేస్తున్నారు. అందుకని, ఇప్పుడు వాడుతున్న "పెద్ద ముక్క వేస్తే కొనసాగించు" అనే పద్ధతి మాని తలకిందుల సంకేతాలకు (చిన్న ముక్క వేస్తే కొనసాగించమనే పద్ధతికి) మారాలా, లేక బిడ్డింగ్‌లో ఇంకో రెండు కన్వెన్షన్లు (ముందే కుదుర్చుకున్న ప్రత్యేక అర్థాల బిడ్లు) చేర్చుకోవాలా అని అడిగారు.

ఈ రెండూ ఇప్పట్లో అవసరం లేదని నా అభిప్రాయం. మీరు వర్ణించిన పొరపాట్లన్నీ చూస్తే, మీ సంకేతాల పద్ధతిలో లోపం కనిపించడం లేదు. బిడ్డింగ్ ముగియగానే దాన్ని మరిచిపోయి, డిఫెన్స్‌ను (ఎదుటివారి కాంట్రాక్టును ఓడించే ఆటను) కొత్తగా మొదలయ్యే వేరే ఆటలా ఆడడమే అసలు లోపంగా కనిపిస్తోంది. పార్ట్‌నర్ వేసిన 2కు గాని 9కి గాని సొంతంగా ఒక అర్థం ఉండదు. ఆ ముక్క ఏ ప్రశ్నకు జవాబో తెలిస్తేనే దానికి అర్థం వస్తుంది, ఆ ప్రశ్న ఏమిటన్నది చాలావరకు బిడ్డింగే నిర్ణయిస్తుంది. నలుగురు ఆడే ఈ ఆటలో సగటున పావు వంతు పంపకాల్లో మీరు డిక్లరర్ (కాంట్రాక్టు ఆడేవాడు), పావు వంతు డమ్మీ (ముక్కలు బల్ల మీద పరిచే అతని పార్ట్‌నర్), మిగిలిన సగం పంపకాల్లో డిఫెండర్ అవుతారు. కాబట్టి శ్రమ పెట్టవలసిన చోటు అదేనన్న మీ అంచనా సరైనదే.

ముందు బిడ్డింగ్ సిద్ధాంతం సంగతి కొంచెం చూద్దాం. 52 ముక్కల్లోంచి 13 ముక్కల చేయి 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600 రకాలుగా రావచ్చు. వీటిని వర్ణించడానికి మన దగ్గర ఉన్న మాటలు 38 మాత్రమే: ఒక కళావరు మొదలుకొని ఏడు నోట్రంప్ దాకా 35 బిడ్లు, వాటికి తోడు పాస్, డబుల్, రీడబుల్. పైగా ఒక బిడ్ చెప్పాక దానికంటే కిందివన్నీ ఆ పంపకంలో మళ్లీ వాడుకోవడానికి లేకుండా పోతాయి. అందువల్ల ఏ బిడ్డింగ్ పద్ధతి అయినా చేసేది ఒక్కటే: ముందుగా తెలియవలసిన విషయాన్ని తక్కువ చోటులో చెప్పించి, తక్కినదాన్ని వదిలేయడం. ఒక నోట్రంప్ ఓపెనింగ్ ఎంతో ఉపయోగపడడానికి కారణం, అది బలాన్ని మూడు పాయింట్ల పరిధిలోకి తెచ్చి, చేతి ఆకారం కూడా సమంగా ఉందని ఒక్క మాటలో చెప్పేయడం. అలా తన చేతిని ముందుగా హద్దుల్లో పెట్టి చెప్పినవాడు ఇక నిర్ణయాన్ని పార్ట్‌నర్‌కు వదలాలి. రెండు చేతుల మొత్తం ఎంతో లెక్కగట్టగలిగినవాడే ఆ పంపకానికి కెప్టెన్. గేమ్‌కు (బోనస్ వచ్చే కాంట్రాక్టుకు) 25 దాకా, చిన్న స్లామ్‌కు (12 ట్రిక్కుల కాంట్రాక్టుకు) 33 దాకా కావాలన్న అంకెలు అతని చేతిలోనే పనికొస్తాయి.

మీకు మామూలుగా పుస్తకాలు చెప్పని రెండో ముఖం ఒకటుంది. బల్ల మీద చెప్పిన ప్రతి మాటనూ నలుగురూ వింటారు. దక్షిణం చెప్పిన ఒక నోట్రంప్ తర్వాత అతని పార్ట్‌నర్ ఉత్తరం (ఆటగాళ్లను కూర్చున్న దిక్కుతో పిలుస్తాం) నేరుగా 3 నోట్రంప్ చెబితే, డిక్లరర్ మేజర్ల గురించి డిఫెండర్లకు ఏమీ తెలియదు. అదే ఉత్తరం 2 కళావర్లు అని స్టేమన్ అడిగి, దక్షిణం 2 డైమన్లు అని జవాబిచ్చి, ఆ తర్వాత 3 నోట్రంప్‌కు వెళితే, డిక్లరర్ చేతిలో నాలుగు ఆటీన్లు గాని నాలుగు ఇస్పేట్లు గాని లేవని మనకు ఉచితంగా తెలిసిపోయింది. అందుకే చేతిలో నాలుగు ముక్కల మేజర్ ఉన్నా, మిగిలిన మూడు రంగులూ మూడేసి ముక్కలతో చదునుగా ఉంటే, చాలామంది అనుభవజ్ఞులు స్టేమన్ అడగకుండా నేరుగా గేమ్ చెబుతారు. అవసరం లేని ప్రశ్న ఎదుటిపక్షానికే మేలు చేస్తుంది. ఈ సూత్రమే సంకేతాలకూ వర్తిస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక ఆ వినిన మాటలను డిఫెన్స్‌లో ఎలా వాడుకోవాలో ఒక చేతి మీద చూపిస్తాను. దక్షిణం ఒక నోట్రంప్, ఉత్తరం 3 నోట్రంప్, అందరూ పాస్. మీరు తూర్పు. పడమర కూర్చున్న పార్ట్‌నర్ ఆటీను 6 లీడ్ చేశాడు (మొదటి ముక్కగా ఆడాడు). డమ్మీలో ఆటీను రాణి, 8, 3. మీ చేతిలో ఆసు, జాకీ, 9. డమ్మీ 3 వేసింది. ఇక్కడ చాలామంది ఆలోచించకుండా ఆసు వేసి, జాకీ తిరిగి ఆడతారు. పొడవు రంగులో పైనుంచి నాలుగో ముక్క లీడ్ చేయడం మీద పాత లెక్క ఒకటుంది: 11లోంచి లీడ్ చేసిన ముక్క అంకె తీసేస్తే, మిగతా మూడు చేతుల్లో దానికంటే పెద్దవి ఎన్ని ఉన్నాయో వస్తుంది. 11లోంచి 6 తీసేస్తే 5. డమ్మీలో రెండు, మీ దగ్గర మూడు, లెక్క సరిపోయింది. అంటే డిక్లరర్ దగ్గర 6ను మించిన ఆటీను ఒక్కటీ లేదు, కాబట్టి మీ 9 గెలుస్తుంది. తర్వాత ఆసు, ఆ తర్వాత జాకీ ఆడితే, మూడో వరుసలో డమ్మీ రాణి ఒంటరిగా మిగిలి పార్ట్‌నర్ రాజు కింద పడుతుంది, అతని 10 నాలుగో ట్రిక్కు తెస్తుంది. మొదటే ఆసు వేసి జాకీ ఆడి ఉంటే, పార్ట్‌నర్ ఏం వేసినా రాణికి ఒక ట్రిక్కు దక్కేది.

నాలుగు ట్రిక్కులు వచ్చినా, 13లో 9 ట్రిక్కులు చాలు కనుక 3 నోట్రంప్ కాంట్రాక్టు ఓడలేదు, ఇంకొకటి కావాలి. అది ఉంటుందా? ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకలో మొత్తం 40 పాయింట్లు. డమ్మీలో 10 కనిపిస్తున్నాయి, మీ దగ్గర 8 ఉన్నాయి. మిగిలిన 22లో డిక్లరర్‌వి 15 నుంచి 17, అంటే పార్ట్‌నర్‌వి 5 నుంచి 7. ఆటీను రాజుకు 3 పోతే ఇంకా 2 నుంచి 4 మిగులుతాయి, అంటే బయట ఒక ఆసు ఉండడానికి చోటుంది. మొదటి ట్రిక్కు పూర్తికాకముందే ఇంత తెలిసింది. దీనికి ఒక్క సంకేతం కూడా అవసరం పడలేదు. ఒక బిడ్, ఒక లీడ్, రెండు తీసివేతలు చాలాయి. పార్ట్‌నర్ దగ్గర 2 పాయింట్లకు మించి ఉండే వీలే లేదని లెక్క తేలిన పంపకాల్లో అతని ఆసు మీద ఆశ పెట్టుకుని ఆడడం మానేయడం కూడా ఇదే లెక్క నేర్పుతుంది.

చెప్పని బిడ్ కూడా సమాచారమే. పార్ట్‌నర్ డీలర్‌గా (బిడ్డింగ్‌లో మొదట మాట్లాడేవాడిగా) పాస్ చెప్పాడనుకుందాం. ఆటలో అతను ఆటీను ఆసు, రాజు, డైమను రాణి, జాకీ చూపించాడు. అప్పటికే 10 పాయింట్లయ్యాయి. ఇంకా కనిపించని ఇస్పేటు రాజు కూడా అతనిదే అయితే 13 అయ్యేవి, అతను ఓపెన్ చేసేవాడు. కాబట్టి ఆ రాజు డిక్లరర్‌ది. ఇలాంటి చిన్న తర్కం మీద రోజూ ట్రిక్కులు ఆధారపడుతుంటాయి, కాని పాస్‌ను కూడా ఒక మాటగా వినే అలవాటు ఉన్నవారికే అవి అందుతాయి. రమ్మీలో ఎదుటివాడు ఎత్తని ముక్కను మనవాళ్లు ఎంత శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటారో, ఇక్కడ అంత శ్రద్ధ ఎదుటివారు చెప్పని బిడ్ మీద పెట్టాలి.

ఇప్పుడు సంకేతాలు. డిఫెండర్ వేసే చిన్న ముక్క మూడింటిలో ఒక ప్రశ్నకే జవాబు చెప్పగలదు. ఈ రంగు కొనసాగించడం నాకు ఇష్టమా కాదా అన్నది యాటిట్యూడ్. ఈ రంగులో నా దగ్గర సరిసంఖ్యలో ముక్కలున్నాయా బేసిసంఖ్యలోనా అన్నది కౌంట్. మిగిలిన రెండు రంగుల్లో ఏది కావాలన్నది సూట్ ప్రిఫరెన్స్; 1930లలో అమెరికా ఆటగాడు హై లావింథాల్ ప్రవేశపెట్టిన ఈ మూడో సంకేతం ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. మామూలు ఒప్పందం ఇలా ఉంటుంది: పార్ట్‌నర్ లీడ్ చేస్తే యాటిట్యూడ్, డిక్లరర్ ఒక రంగు తానే ఆడితే, అవసరమైనచోట కౌంట్, ఈ రెండూ అప్పటికే తెలిసిపోయి ఉంటేనో, తెలిసినా ప్రయోజనం లేకపోతేనో సూట్ ప్రిఫరెన్స్. ఈ వరుసను ఇద్దరూ కంఠతా పట్టి ఉంటారు, దానిలో నాకు సందేహం లేదు. "అప్పటికే తెలిసిపోయి ఉంటే" అన్న మాట దగ్గరే జోడీలు విడిపోతాయి. తెలిసిపోయిందా లేదా అన్నది ఇద్దరూ ఒకేలా తేల్చుకోవాలంటే, ఇద్దరూ బిడ్డింగ్‌ను ఒకేలా విని ఉండాలి.

యాటిట్యూడ్ గురించి మీరు రాసిన దానిలో ఒక అపోహ కనిపించింది. "పెద్ద బొమ్మ ఉంటే పెద్ద ముక్క వేస్తున్నాను" అన్నారు. ఆ సంకేతం మీ చేతి వర్ణన కాదు, పార్ట్‌నర్‌కు మీరిచ్చే సలహా. ఎదుటివారి 4 ఇస్పేట్ల కాంట్రాక్టు మీద పార్ట్‌నర్ ఆటీను ఆసు లీడ్ చేశాడు, మీ దగ్గర 9, 2 మాత్రమే ఉన్నాయి. మూడో ఆటీనుకు తురుపు కొట్టాలనుకుంటే 9 వేసి కొనసాగించమంటారు. కాని మీ తురుపులు రాణి, జాకీ, 10 అనుకోండి. అందులో ఒక ట్రిక్కు ఎలాగూ మీదే, దానితో తురుపు కొట్టినందువల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. అప్పుడు డబుల్టన్ ఉన్నా 2 వేయడమే న్యాయం. అలాగే 2 వేసేముందు ఇంకో మాట ఆలోచించాలి: "ఇది వద్దు" అంటే పార్ట్‌నర్ వేరే రంగు వెతుకుతాడు, డమ్మీని చూసి అతను ఏ రంగుకు మారతాడో ఊహించండి. ఆ మార్పు మనకు నష్టం చేసేదైతే, ఇష్టం లేకపోయినా ఉన్న రంగునే కొనసాగించమనడం మేలు.

కౌంట్ విలువ తెలియాలంటే 3 నోట్రంప్‌లో డమ్మీకి ఒకే పొడవు రంగు ఉండి, అందులోకి వెళ్లడానికి వేరే దారి లేని పంపకం చూడాలి. దక్షిణం ఒక నోట్రంప్‌తో మొదలుపెట్టాడు. డమ్మీలో డైమను రాజు, రాణి, జాకీ, 10, 5. మీ దగ్గర ఆసు, 7, 3. మిగిలిన 9, 8, 6, 4, 2 పార్ట్‌నర్, డిక్లరర్ మధ్య పంచుకుని ఉన్నాయి. డిక్లరర్ డైమను ఆడాడు, మీరు ఆసు ఆపుకున్నారు. ఎంతసేపు ఆపుకోవాలి? డిక్లరర్ చేతిలో డైమన్లు అయిపోయే వరుసలోనే తీసుకోవాలి. ముందే తీసుకుంటే అతనికి డమ్మీలోకి దారి మిగులుతుంది, ఆలస్యం చేస్తే అనవసరంగా ఒక ట్రిక్కు ఇచ్చినట్లవుతుంది. పార్ట్‌నర్ 8 వేసి సరిసంఖ్య చూపించాడనుకుందాం. రెండా, నాలుగా? నాలుగైతే డిక్లరర్ దగ్గర ఒకే డైమను ఉండాలి, ఒక నోట్రంప్ ఓపెన్ చేసినవాడి దగ్గర మామూలుగా సింగిల్టన్ ఉండదు. కాబట్టి రెండే, డిక్లరర్‌వి మూడు, మీరు మూడో వరుసలో ఆసు వేస్తారు.

అదే పార్ట్‌నర్ 2 వేశాడనుకుందాం. మూడు ముక్కలు ఉండవచ్చు, ఒక్కటే ఉండవచ్చు. ఒక్కటే అయితే డిక్లరర్ దగ్గర నాలుగున్నట్టు. మీ దగ్గర ఉన్నవి మూడే కనుక మీరు ఎంత ఆపుకున్నా అతనికి డమ్మీలోకి వెళ్లే నాలుగో ముక్క మిగులుతుంది, ఆ పరిస్థితిలో చేయగలిగింది లేదు. కనుక మూడు అనుకుని రెండో వరుసలో ఆసు తీసుకోవడమే సరి. చూడండి, సంకేతాన్ని మాత్రమే చూస్తే ప్రతిసారీ రెండు అర్థాలు వచ్చాయి. ఒకసారి బిడ్డింగ్, ఒకసారి ఆట తర్కం ఆ రెండింటిలోంచి ఒకదాన్ని ఎంచి ఇచ్చాయి.

సూట్ ప్రిఫరెన్స్ అందరికీ పరిచయమైన రూపం తురుపు కొట్టించేటప్పుడు కనిపిస్తుంది. ఉత్తరం ఒక డైమను, దక్షిణం ఒక ఇస్పేటు, ఆఖరికి 4 ఇస్పేట్లు. పార్ట్‌నర్ డైమను 2 లీడ్ చేశాడు. డమ్మీ తానే చెప్పిన రంగును ఎవరూ సరదాగా లీడ్ చేయరు, అది సింగిల్టనే. మీరు ఆసుతో గెలిచి తిరిగి డైమను ఆడతారు. చేతిలో 9, 6, 3 మిగిలి ఉంటే, తురుపునూ డైమనునూ పక్కన పెట్టగా మిగిలినవి ఆటీను, కళావరు. 9 ఆడితే పై రంగైన ఆటీనులో మళ్లీ నా చేతికి రా అని, 3 ఆడితే కళావరులో రా అని. రెంటిలోనూ ఏమీ లేకపోతే 6. ఇది మీరు ఇప్పటికే చేస్తున్నారని రాశారు కనుక ఎక్కువ చెప్పను.

మీరు వదులుకుంటున్న ట్రిక్కులు ఎక్కువగా పోటీ బిడ్డింగ్ తర్వాతివని నా అనుమానం, అందుకే ఈ భాగాన్ని నిదానంగా రాస్తున్నాను. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనే వెర్న్ 1969లో ఒక పరిశీలన ప్రచురించారు: రెండు పక్షాలకూ తమ తమ మంచి రంగుల్లో ఉన్న తురుపుల మొత్తం ఎంతో, రెండు పక్షాలు తమ తమ రంగుల్లో గెలవగల ట్రిక్కుల మొత్తం కూడా దాదాపు అంతే ఉంటుంది. దీని ఆచరణ రూపం, మన ఇద్దరికీ కలిపి తొమ్మిది తురుపులుంటే పాయింట్లు తక్కువైనా మూడో అంచె (9 ట్రిక్కుల బిడ్) దాకా, పది ఉంటే నాలుగో అంచె (10 ట్రిక్కుల బిడ్) దాకా పోవచ్చని. ఇది ఖచ్చితమైన సూత్రం కాదు, ఒక ట్రిక్కు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. అయినా ఈ పద్ధతిలో రైజ్ చేసే (పార్ట్‌నర్ రంగునే పెంచి చెప్పే) జోడీకి డిఫెన్స్‌లో ఒక అదనపు లాభం ఉంది: తమ రంగులో ఇద్దరికీ కలిపి ఎన్ని ముక్కలున్నాయో బిడ్డింగ్ ముగిసేసరికే తెలిసి ఉంటుంది.

ఈ పంపకం తీసుకోండి. మీరు పడమర, డీలర్. మీ చేయి: ఇస్పేటు ఆసు, రాజు, 10, 7, 5, ఆటీను ఆసు, 3, డైమను 10, 6, 5, కళావరు 10, 7, 3. మీరు ఒక ఇస్పేటు అన్నారు, ఉత్తరం టేకౌట్ డబుల్ (మిగిలిన రంగుల్లో ఒకటి చెప్పమని తన పార్ట్‌నర్‌ను అడిగే డబుల్), పార్ట్‌నర్ 3 ఇస్పేట్లు, దక్షిణం 4 ఆటీన్లు, అందరూ పాస్. డబుల్ తర్వాత పార్ట్‌నర్ ఒక అంచె దూకడం బలాన్ని చెప్పదు, నాలుగు తురుపులున్నాయని చెబుతుంది. మీరు ఇస్పేటు ఆసు లీడ్ చేశారు. డమ్మీ తెరుచుకుంది: ఇస్పేటు 6 ఒక్కటి; ఆటీను రాణి, జాకీ, 7, 4; డైమను ఆసు, రాజు, రాణి, 9, 4; కళావరు రాజు, జాకీ, 5. పార్ట్‌నర్ ఇస్పేటు 2 వేశాడు, డిక్లరర్ 3 వేశాడు.

ఈ 2ను "ఇస్పేటు వద్దు" అని చదివితే ఆట అక్కడితో ముగిసినట్టే. ఇస్పేటులో ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదు: మీవి అయిదు, పార్ట్‌నర్‌వి నాలుగు, డమ్మీది ఒకటి, డిక్లరర్‌వి మూడు. కౌంట్ తెలుసు. డమ్మీలో ఇంకో ఇస్పేటు లేదు కనుక రెండో ఇస్పేటు గెలవదనీ తెలుసు, కాబట్టి యాటిట్యూడ్ కూడా అక్కర్లేదు. మొదటి రెండు ప్రశ్నలూ కొట్టుకుపోయాయి, మిగిలింది మూడోదే. నాలుగు ముక్కలున్న పార్ట్‌నర్ వాటిలో ఏది వేసినా వేయవచ్చు. ఎంచి మరీ అతి చిన్నది వేశాడు. అంటే మిగిలిన డైమను, కళావరులలో కింది రంగు, కళావరు కావాలంటున్నాడు.

ఆ సంకేతం లేకపోతే మీరు కళావరు ఆడతారా? డమ్మీలో రాజు, జాకీ కూర్చుని ఉండగా, చేతిలో 10, 7, 3 పెట్టుకుని, ఆ రంగును కదిపి డిక్లరర్ పని సులువు చేయడం ఎవరికైనా భయమే. డమ్మీ ఇస్పేటులో పొట్టిగా ఉంది కనుక ఆటీను ఆసు, ఆ వెంటనే 3 ఆడి అక్కడ తురుపు కొట్టకుండా చూద్దామనిపిస్తుంది, అది చెడ్డ ఆలోచనేమీ కాదు. పార్ట్‌నర్ 4 లాంటి మధ్య ముక్క వేసి ఉంటే నేనూ అదే ఆడతాను. కాని ఈ పంపకంలో పార్ట్‌నర్ చేయి ఇది: ఇస్పేటు జాకీ, 9, 4, 2, ఆటీను 2, డైమను 8, 7, 2, కళావరు ఆసు, రాణి, 6, 4, 2. దక్షిణం దగ్గర ఇస్పేటు రాణి, 8, 3. ఆటీను రాజు, 10, 9, 8, 6, 5. డైమను జాకీ, 3. కళావరు 9, 8. రెండో ట్రిక్కులో కళావరు ఆడితే, డమ్మీ ఏది వేసినా పార్ట్‌నర్‌కు రెండు కళావర్లు వస్తాయి. మీ ఇస్పేటు ఆసు, ఆటీను ఆసుతో కలిపి నాలుగు, కాంట్రాక్టు ఒకటి తక్కువ. మీరు తురుపు గాని ఇంకో ఇస్పేటు గాని ఆడితే డిక్లరర్‌కు తీరిక దొరుకుతుంది: డైమను ఆసు, రాజు, రాణి వరుసగా ఆడి మూడోదాని మీద తన చేతిలోని ఒక కళావరు పారేస్తాడు. ఇక అతను ఒకటికి మించి కళావరు ఇవ్వడు, కనీసం 10 ట్రిక్కులు పూర్తి.

ఈ ముగింపు మొత్తం పార్ట్‌నర్ 3 ఇస్పేట్లు అన్న క్షణంలో మొదలైంది. అతను మూడు ముక్కలతోనే అలా దూకే అలవాటున్నవాడైతే, డిక్లరర్‌వి మూడో నాలుగో మీకు తెలిసేది కాదు, 2కు అర్థం ఏమిటన్నదీ తేలేది కాదు. బిడ్డింగ్‌లో క్రమశిక్షణ లేని జోడీకి మంచి సంకేతాలు పనిచేయవని నేను అనేది ఈ కారణంగానే. మీ రైజ్‌లు ఎన్ని ముక్కలు చూపిస్తాయో, పోటీలో ఒకటి, డబుల్ తర్వాత ఒకటి, విడివిడిగా మాట్లాడుకుని రాసుకోండి. మీ కన్వెన్షన్ కార్డులో ఆ గడి ఖాళీగా ఉందని మీరే రాశారు.

తలకిందుల సంకేతాల మాట. చిన్న ముక్క వేస్తే ఇష్టం, పెద్ద ముక్క వేస్తే అయిష్టం అనే ఆ పద్ధతికి ఒక నిజమైన సాంకేతిక లాభం ఉంది. నోట్రంప్‌లో మీ దగ్గర రాజు, 9, 2 ఉండి కొనసాగించమనాలంటే, పాత పద్ధతిలో 9ని ఖర్చు పెట్టాలి, ఆ 9 ఒక్కోసారి తర్వాత ఒక ట్రిక్కుకు పనికొచ్చేది. కొత్త పద్ధతిలో 2 వేస్తే చాలు. అందుకే టోర్నమెంట్ ఆటగాళ్లలో అది బాగా వ్యాపించింది, మీరిద్దరూ ఏదో ఒకరోజు దానికి మారడం నాకూ ఇష్టమే. కాని లాభం స్వల్పం, మారిన కొత్తలో అలవాటు తప్పి వేసే ముక్కల వల్ల వచ్చే నష్టం స్వల్పం కాదు. అందులోనూ అన్నీ ఒకేసారి తిప్పవద్దు: యాటిట్యూడ్ తిప్పి కౌంట్‌ను పాత పద్ధతిలోనే ఉంచుకునే జోడీలు చాలా ఉన్నాయి, సూట్ ప్రిఫరెన్స్‌ను మాత్రం దాదాపు అందరూ పెద్దదైతే పై రంగు అన్న పద్ధతిలోనే ఉంచుతారు.

సంకేతం ఇవ్వకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. స్టేమన్ గురించి పైన చెప్పినది ఇక్కడ గుర్తుచేసుకోండి: మీ 8ని డిక్లరర్ కూడా చూస్తున్నాడు. అతను తురుపులు తీస్తుండగా, రాణి ఎటుందో తేల్చుకోలేక తడబడుతుండగా, ప్రతి రంగులోనూ నిజాయితీగా కౌంట్ చూపిస్తూ పోతే అతని పని మనమే చేసిపెట్టినట్టవుతుంది. పార్ట్‌నర్ ముందు ఒక నిర్ణయం ఉన్నప్పుడే చెప్పండి, లేనప్పుడు చేతికి అందిన చిన్న ముక్క వేసేయండి. పార్ట్‌నర్ దగ్గర ఏమీ లేదని లెక్క ముందే తేలిన పంపకంలో, అతనికి చెప్పి ప్రయోజనం లేదు కనుక, డిక్లరర్‌ను తప్పుదారి పట్టించే ముక్క వేసే స్వేచ్ఛ కూడా మీకుంది. నియమాలు దాన్ని అనుమతిస్తాయి.

నియమాలు అనుమతించనిది వేరే ఉంది. సందేశం ముక్క విలువలోనే ఉండాలి. దాన్ని వేసిన వేగంలో, బల్ల మీద పెట్టిన తీరులో, ముఖంలో ఉండకూడదు. పార్ట్‌నర్ ఆలోచించి వేసిన 6కూ, చటుక్కున వేసిన 6కూ తేడా మీకు తెలిసినా, ఆ తేడా మీద ఆధారపడి ఆడడం నియమ విరుద్ధం. మొదటి ట్రిక్కులో మూడో ఆటగాడిగా ఎప్పుడూ కాస్త ఆగి, పంపకం మొత్తం ఆలోచించుకుని వేసే అలవాటు చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు రాదు. అలాగే మీ సంకేతాల ఒప్పందం ఏదైనా ఎదుటివారు అడిగితే పూర్తిగా చెప్పాలి. రహస్య ఒప్పందాలకు ఈ ఆటలో చోటు లేదు, ఉండకపోవడమే దీని గౌరవం.

ఆచరణకు ఒక పని చెబుతాను, కొత్త కన్వెన్షన్లకు బదులు ఇది చేయండి. డిఫెన్స్ ఆడే ప్రతి పంపకంలో, డమ్మీ తెరుచుకోగానే, మీ మనసులో డిక్లరర్ పాయింట్ల పరిధి ఎంత, పార్ట్‌నర్‌కు మిగిలేవి ఎన్ని, తురుపులో డిక్లరర్‌వి ఎన్ని అని మూడు అంకెలు పెట్టుకోండి. ఆట అయ్యాక ఆ అంకెలు ఎంతవరకు నిలిచాయో చూసుకోండి. సెషన్ తర్వాత పార్ట్‌నర్‌తో మాట్లాడేటప్పుడు "ఆ 2 ఎందుకు వేశావు" అని అడగకండి. "ఆ ట్రిక్కు దగ్గర నాకు ఏ ప్రశ్న మిగిలి ఉందనుకున్నావు" అని అడగండి. ఇద్దరి జవాబులూ వేరైతే, ఆ పంపకం బిడ్డింగ్‌ను మొదటినుంచి మళ్లీ చెప్పుకుని, ఎక్కడ వేరుగా విన్నారో పట్టుకోండి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంట విభాగంలో భారత్‌కు స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ చాలా ఏళ్లుగా జోడీగా ఆడినవారు. ఒకరి చెవితో ఇంకొకరు వినగలిగేంత అలవాటు అలాంటి మాటలతోనే పెరుగుతుంది. డమ్మీ పొడవు రంగు ముందు హోల్డప్ చేయవలసిన (ఆసు ఆపుకోవలసిన) పంపకాలు, పోటీ బిడ్డింగ్ తర్వాత మీ రంగు లీడ్ చేసిన పంపకాలు, ఈ రెండు రకాలను విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. వాటిలో మీకు చిక్కుపడిన చేతులుంటే నాలుగు చేతులూ, బిడ్డింగ్ పూర్తిగా రాసి పంపండి, ముక్క ముక్కగా చూసి జవాబిస్తాను.